మంకీ ఐలాండ్‌ను జట్టుగా మళ్లీ ఆడటం: మౌస్ ఎవరి చేతికివ్వాలి, నోరు ఎవరు కట్టుకోవాలి

పాత పాయింట్-అండ్-క్లిక్ (మౌస్‌తో నొక్కుతూ కథ నడిపించే) గేమును మళ్లీ ఆడేవాళ్లకు పజిళ్లతో ఇబ్బంది ఉండదు, జ్ఞాపకంతోనే ఇబ్బంది. జవాబులు గుర్తుంటాయి కాబట్టి చేయి దానంతటదే తర్వాతి తలుపు దగ్గరికి పోతుంది. దారిలో ఉన్న సగం మాటలు, సగం చమత్కారాలు చూడకుండానే ఆట అయిపోతుంది. జట్టుగా ఆడితే ఇది ఇంకా ముదురుతుంది, ఎందుకంటే ఐదుగురిలో ఒక్కరికి గుర్తున్నా అందరికీ గుర్తున్నట్టే. అందుకే కింద చెప్పే ఏర్పాట్లలో చాలావరకు ఆటను నెమ్మదిగా నడిపించడానికీ, తెలిసినవాళ్ల నోటికి తాళం వేయడానికీ ఉద్దేశించినవే.

ఉదాహరణగా లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ 1990లో తెచ్చిన ‘ది సీక్రెట్ ఆఫ్ మంకీ ఐలాండ్’ తీసుకుందాం. జట్టుకు దీనికంటే అనువైనది దొరకడం కష్టం. నాలుగు భాగాలుగా విడిపోయి ఉంది, కాబట్టి ఎక్కడ ఆపాలో తేలిగ్గా తెలుస్తుంది. పాత వెర్షన్లలో మాటలన్నీ తెర మీద అక్షరాలే, గొంతులు లేవు, కాబట్టి ఆ గొంతులు మీరే ఇవ్వొచ్చు. పైగా ఏదో వస్తువు మొదట్లో తీసుకోలేదని చివర్లో దారి మూసుకుపోవడం ఇందులో ఉండదు. రూపకర్త రాన్ గిల్బర్ట్ అలాంటి మూసుకుపోయే దారులను తప్పుబడుతూ 1989లోనే వ్యాసం రాశారు.

ముందే ఒక మాట: కింద పజిళ్ల జవాబులు కొన్ని బయటపడతాయి. మీ జట్టులో మొదటిసారి ఆడేవాళ్లు ఉంటే ఏర్పాట్లు చేసేవాళ్లు మాత్రమే దీన్ని చదవండి.

ఏ వెర్షన్

అందరూ ఒకే వెర్షన్ ఆడాలి. ఇది తేల్చకుండా మొదలుపెట్టిన జట్టు మొదటి గంటలోనే ‘మా దాంట్లో ఆ మాట లేదే’ అని ఆగిపోతుంది.

పదహారు రంగుల ఈజీఏ ఫ్లాపీ వెర్షన్ అన్నిటికంటే పాతది. దాని బొమ్మల్లో రెండు రంగుల చుక్కలను పక్కపక్కన పేర్చి మూడో రంగు భ్రమ కలిగిస్తారు. ఒంటరిగా చూస్తే అందంగా ఉంటుంది. వీడియోగా పంపితే మాత్రం కుదింపులో ఆ చుక్కలన్నీ ముద్దయిపోతాయి. 256 రంగుల వీజీఏ ఫ్లాపీ వెర్షన్‌లో పన్నెండు వర్బులు (తెర కింద ‘చూడు’, ‘తీసుకో’ లాంటి పనుల మాటలు), అక్షరాల్లో వస్తువుల జాబితా ఉంటాయి. సీడీ వెర్షన్‌లో వర్బులు తొమ్మిదికి తగ్గాయి, వస్తువులు బొమ్మలుగా మారాయి, సంగీతం సీడీ పాటల రూపంలో వస్తుంది. అడవిలోని మొద్దు దగ్గర ‘ఇరవై రెండో డిస్కు పెట్టండి’ అని అడిగే జోకు ఫ్లాపీల్లో ఉంది, సీడీలో తీసేశారు. అభిమానులు కలిసి ఆడుతుంటే ఆ జోకు లేకపోవడం నిజంగా లోటే.

2009 స్పెషల్ ఎడిషన్‌లో కొత్త బొమ్మలు, గొంతులు ఉన్నాయి. ఎఫ్10 నొక్కితే పాత బొమ్మలకు మారుతుంది, కానీ పాత బొమ్మల్లో గొంతులు వినపడవు. కొత్త తెరలో వర్బులు ఎప్పుడూ ఎదురుగా ఉండవు, విడిగా తెరవాలి. వేగంగా క్లిక్ చేయాల్సిన చోట్ల ఇది చిరాకు పెడుతుంది. మా ఓటు వీజీఏ ఫ్లాపీకే: జోకు ఉంది, రంగులున్నాయి, గొంతులు లేవు. స్పెషల్ ఎడిషన్‌ను ఆట అయ్యాక ఒక్కో చోటును పోల్చి చూడటానికి ఉంచుకోండి.

స్కమ్‌వీఎం అమర్చడం

2001లో మొదలైన స్కమ్‌వీఎం ఉచిత ప్రోగ్రామ్. మీ దగ్గరున్న అసలు గేము ఫైళ్లను తీసుకుని ఇప్పటి కంప్యూటర్లలో నడిపిస్తుంది. ఫైళ్లున్న ఫోల్డర్‌ను యాడ్ గేమ్ మీటతో చూపించగానే వెర్షన్ ఏదో అదే గుర్తుపట్టి పేరు పక్కన చూపిస్తుంది. జట్టులో అందరూ ఆ పేరును సరిచూసుకోవాలి. అప్పట్లో అట్టచక్రం తిప్పి సముద్రపు దొంగ మొహం సరిపోల్చి సంవత్సరం చెప్పాల్సిన కాపీ రక్షణ ప్రశ్నను స్కమ్‌వీఎం మామూలుగా అడగకుండానే దాటేస్తుంది.

ఆట మొదలుపెట్టేముందు ఈ నాలుగు చూడండి.

ఆస్పెక్ట్ రేషియో కరెక్షన్ ఆన్ చేయండి. బొమ్మలు 320×200 చుక్కల్లో గీసినా, నాలుగు బై మూడు నిష్పత్తి ఉన్న పాత మానిటర్ మీద నిలువుగా సాగి కనపడేలా గీశారు. ఇది ఆఫ్‌లో ఉంటే చందమామ నొక్కేసినట్టు, మనుషులు పొట్టిగా కనపడతారు.

తెరను మూడు రెట్లకు పెట్టండి. నిష్పత్తి సరిచేశాక 320×240 అవుతుంది, మూడు రెట్లంటే 960×720. కబుర్ల యాప్ డిస్కార్డ్‌లో ఉచిత స్క్రీన్ షేర్ 720 లైన్లకు సరిపోతుంది కాబట్టి మధ్యలో మళ్లీ సాగదీయడం, మసకబారడం ఉండదు.

సబ్‌టైటిల్ వేగం తగ్గించండి. మీ జట్టులో నెమ్మదిగా చదివేవాళ్ల వేగమే అందరి వేగం. ఆటలో ప్లస్, మైనస్ మీటలతో కూడా మార్చుకోవచ్చు.

సంగీతం వినపడుతోందో లేదో చూడండి. సీడీ వెర్షన్ తీసుకుని తెర మీద మాటలు వస్తూ సంగీతం రాకపోతే, డిస్కు మీది పాటలు ఫోల్డర్‌లో లేవన్నమాట. వాటిని ఓజీజీ, ఎంపీ3 లేదా ఫ్లాక్ ఫైళ్లుగా మార్చి, ట్రాక్ అనే మాట పక్కన పాట నంబరు కలిపి పేరు పెట్టి గేము ఫోల్డర్‌లోనే వేయాలి. ఫ్లాపీ వెర్షన్‌కు ఈ బెడద లేదు. ఎంటీ-32 అనే పాత సంగీత పరికరం ధ్వని కావాలంటే దాని రెండు రోమ్ (ROM) ఫైళ్లు విడిగా ఉండాలి, లేకపోతే యాడ్‌లిబ్ అనే పాత సౌండ్ కార్డు ధ్వనితో హాయిగా సరిపెట్టుకోవచ్చు.

తెర పంచుకోవడం

గేమును విండోలోనే నడపండి. పూర్తి తెరలో ఉంటే కొన్ని కంప్యూటర్లలో చూసేవాళ్లకు నల్లటి తెర కనపడుతుంది. ఆల్ట్+ఎంటర్ నొక్కితే విండోలోకి వస్తుంది. మొత్తం స్క్రీన్ కాకుండా స్కమ్‌వీఎం విండోనే ఎంచుకుని షేర్ చేయండి, ధ్వని దానితోపాటే వెళ్తుంది. అందరూ హెడ్‌ఫోన్స్ పెట్టుకోవాలి. ఒక్కరు స్పీకర్లు వాడినా గేము సంగీతం వాళ్ల మైకులోంచి ఆలస్యంగా తిరిగొచ్చి చదివే గొంతును మింగేస్తుంది.

చూసేవాళ్లకు తెర కాస్త ఆలస్యంగా అందుతుంది. కాబట్టి ‘అక్కడ, అక్కడ, ఆగు’ అనడం వల్ల ప్రయోజనం లేదు, మీరు చెప్పేసరికి మౌస్ ఎక్కడికో పోయి ఉంటుంది. వస్తువు పేరు చెప్పాలి: ‘ఎడమ తలుపు చూడు’, ‘చేపను వాడు’. మౌస్ పట్టినవాళ్లు కూడా తెర కింద వచ్చే వాక్యాన్ని పైకి చదువుతూ ఉండాలి.

మౌస్‌ను నిజంగా చేతులు మార్చాలనుకుంటే పార్సెక్ లాంటి రిమోట్ ప్రోగ్రామ్ పనికొస్తుంది. ఈ గేముల్లో వేగం పెద్దగా అక్కర్లేదు కాబట్టి ఆలస్యాన్ని భరించవచ్చు. పాయింటర్ విండోలో ఇరుక్కుపోయినా, చేతికీ తెరకూ పొంతన కుదరకపోయినా కంట్రోల్+ఎం నొక్కి మౌస్ పట్టును మార్చి చూడండి.

మౌస్, నోరు

నలుగురు నుంచి ఆరుగురి జట్టు బాగుంటుంది. ముగ్గురైతే మాటలు తగ్గుతాయి. ఏడుగురు దాటితే ఇద్దరు ఆడతారు, మిగతావాళ్లు ఫోన్లు చూసుకుంటారు.

మౌస్ అందరికంటే తక్కువ గుర్తున్నవాళ్లకు ఇవ్వండి. అసలు ఎప్పుడూ ఆడనివాళ్లు దొరికితే ఇంకా మేలు. ఇది మర్యాదకోసం పెట్టిన నియమం కాదు. తెలియనివాళ్లు అడ్డదిడ్డంగా ప్రయత్నిస్తారు, తప్పు వస్తువును తప్పు మనిషికి ఇస్తారు, రాసినవాళ్లు దాచిన మాటలన్నీ అప్పుడే బయటికొస్తాయి. తెలిసినవాళ్లు ఇరవయ్యేళ్లుగా చూడని మాటలు అవి.

ఎవరికెంత గుర్తుందో తేల్చడానికి ఆట మొదలయ్యే ముందు అందరూ విడివిడిగా, గుర్తున్న పజిళ్లూ జవాబులూ ఒక కాగితం మీద రాసి పక్కన పెట్టాలి. రాయగలిగింది ఎక్కువున్నవాళ్లే నోరు కట్టుకోవాల్సినవాళ్లు. ఆ కాగితాలను ఒక్కో భాగం ముగిశాక తెరవండి. రెండో మంకీ ఐలాండ్ పజిల్‌ను మొదటిదాంట్లో ఉన్నట్టు ధీమాగా రాసినవాళ్లు దాదాపు ఎప్పుడూ ఒకరు తేలతారు.

గుర్తున్నవాళ్లకు పని లేకపోతే నోరు ఆగదు. కాబట్టి పనులు అప్పగించండి. ఒకరు సేవ్‌లు చూస్తారు. ఒకరు రాతపని చేస్తారు: ధరలు, పేర్లు, తిట్లు, దారులు. బాగా తెలిసిన ఒకరే హింట్లు ఇస్తారు, ఇంకెవరూ ఇవ్వకూడదు. మిగిలినవాళ్లకు పాత్రలు పంచండి. కథానాయకుడు గైబ్రష్ గొంతు మౌస్ పట్టినవాళ్లకు ఇవ్వకండి, చేతులూ నోరూ ఒకేసారి నడవవు. పాత ఓడలమ్మే స్టాన్‌ను జట్టులో గుక్క తిప్పుకోకుండా మాట్లాడగలిగేవాళ్లకే ఇవ్వాలి, అతని బేరం అలా చదివితేనే పండుతుంది.

హింట్ అడగడానికి కూడా పద్ధతి ఉండాలి. పదిహేను నిమిషాలు కొత్త మాట, కొత్త వస్తువు, కొత్త చోటు ఏదీ రాకపోతే హింటు అడగవచ్చు. మొదటి హింటు చోటు పేరు మాత్రమే. ఇంకో ఐదు నిమిషాలకు వస్తువు పేరు. ఆ తర్వాతే చేయాల్సిన పని. హింట్లు ఇచ్చేవాళ్లకే గుర్తులేకపోతే పూర్తి వాక్‌త్రూ (మొదటినుంచి చివరిదాకా జవాబుల జాబితా) తెరవకూడదు, కళ్లు కింది వరుసకు జారతాయి. 1988 నుంచీ ఉన్న యూహెచ్ఎస్ హింట్లు ఒక్కొక్క మెట్టుగా తెరుచుకుంటాయి, వాటిని వాడండి.

ఇక ఒక్క నియమం రాజీ లేకుండా పాటించాలి: కొత్త తెరలోకి రాగానే అన్నిటినీ ముందు ‘లుక్ ఎట్’ చేయాలి, తర్వాతే తీసుకోవాలి. వస్తువు చేతికొచ్చాక దాని గురించి ఉన్న మొదటి మాట మళ్లీ రాకపోవచ్చు. సంభాషణల్లో మౌస్ పట్టినవాళ్లు వరుసలన్నీ చదువుతారు, అందరూ నంబరు చెబుతారు, ఎక్కువమంది చెప్పింది నొక్కుతారు. కథను ముందుకు నెట్టే వరుసలా కనిపించేదాన్ని చివరికి ఉంచండి. చుక్క మీట ఒక మాటను దాటిస్తుంది, ఎస్కేప్ మొత్తం దృశ్యాన్నే దాటిస్తుంది. రెండింటి జోలికీ అలవాటుగా పోకూడదు.

ఏ రోజు ఎంతవరకు

పైకి చదువుతూ ఆడితే గంటన్నర నుంచి రెండు గంటల కూర్చోళ్లు (సెషన్లు) ఆరు పడతాయి. మొదటి భాగమే సగానికి మించి తింటుంది. మొదటి రోజు స్కమ్ బార్, ముగ్గురు సముద్రపు దొంగల నాయకులు, ఊరు, సర్కస్ డేరా. ఫిరంగిలోంచి ఎగిరి 478 నాణేలు చేతికొచ్చాక ఆపవచ్చు. రెండో రోజు కత్తిసాము. మూడో రోజు నిధి వేట, గవర్నర్ భవనంలో దొంగతనం. నాలుగో రోజు ఓడ, సిబ్బంది. ఐదో రోజు రెండో భాగంలోని ప్రయాణం, మూడో భాగంలోని దీవిలో మొదటి తిరుగుడు. ఆరో రోజు మిగతాదీ, చివరిభాగమూ. చివరిభాగం చాలా చిన్నది, దానికి విడిగా ఒక రోజు పెడితే అరగంటలో అయిపోయి అందరూ తెల్లమొహం వేస్తారు.

చిక్కుకునే చోట్లు

స్కమ్ బార్ వంటగదిలోకి వంటవాడు బయటికి వచ్చినప్పుడే దూరాలి. రిమోట్‌లో మౌస్ ఆలస్యమైతే రెండుమూడుసార్లు తప్పుతుంది. వంటవాడు తలుపు దాటగానే గేము నడుస్తున్న కంప్యూటర్ ముందున్నవాళ్లే ఆ ఒక్క క్లిక్ చేయడం మేలు.

కత్తిసాములో ఓడించాల్సిన స్వోర్డ్ మాస్టర్ ఇంటికి దుకాణదారుడి వెనకే అడవిలో నడవాలి. అతను మలుపు తిరిగాక ఆలస్యం చేస్తే కనపడడు, మళ్లీ దుకాణం నుంచి మొదలుపెట్టాలి. ఆ రెండు నిమిషాలు జోకులు ఆపండి. రాతపనివాళ్లు ప్రతి తెరలో అతను ఏ దారి పట్టాడో రాసుకుంటే రెండోసారికి వెంటపడక్కర్లేదు.

తిట్ల కత్తిసాము జట్టుకు పండగ, ఒంటరికి చాకిరీ. రోడ్డు మీద ఎదురైన దొంగలతో పోరాడి, ఓడిపోతూ వాళ్ల తిట్లూ జవాబులూ నేర్చుకోవాలి. రెండు నిలువు వరుసలుగా పట్టిక వేయండి, ఎడమ తిట్టు, కుడివైపు జవాబు. ఒక్కో పోరాటానికి మౌస్ చేతులు మార్చండి, దొంగ గొంతు కూడా మార్చండి. సరిపడా నేర్చుకున్నాక స్వోర్డ్ మాస్టర్ ఎదురైతే ఆమె తిట్లన్నీ కొత్తవి, పాత జవాబులే వాటికి వేరే అర్థంలో అతుకుతాయి. ఇక్కడ గుర్తున్నవాళ్లు తప్పక నోరు జారతారు. పట్టికలో కుడి వరుసకు ముందే నంబర్లు వేసి, అందరినీ ఒకేసారి నంబరు చెప్పమనండి. గుంపులో జారిన మాట కలిసిపోతుంది.

దొంగతనం తర్వాత గైబ్రష్‌ను విగ్రహానికి కట్టి నీళ్లలో పడేస్తారు. చుట్టూ కోసే సామానే, ఏదీ అందదు. జవాబు ఎంత తేలికో గుర్తున్నవాళ్లు దయచేసి మూగనోము పట్టండి. గైబ్రష్ పది నిమిషాలు ఊపిరి బిగబట్టగలనని మొదటినుంచీ చెప్పుకుంటాడు, ఆ మాట నిజం: పది నిమిషాలు దాటితే చచ్చిపోతాడు, కింద వర్బులు కూడా మారిపోతాయి. ఆ మార్పు చూడాలంటే ముందు సేవ్ చేసి గడియారం పెట్టుకుని కబుర్లు చెప్పుకోండి.

జైలు తాళం కరిగించడానికి గ్రాగ్ అనే ఘాటు మద్యం కావాలి, కానీ గ్రాగ్ మగ్గునే తినేస్తుంది. ఖాళీ మగ్గులన్నీ ముందే తీసుకుని, ఒకటి కరిగేలోగా ఇంకోదాంట్లోకి ఒంపుతూ జైలుదాకా పోవాలి. దారిలో ఎవరితోనూ మాట్లాడకూడదు, ఏదీ చూడకూడదు. బయలుదేరేముందు సేవ్ చేయండి.

దుకాణదారుడు ఇనప్పెట్టె తెరిచేటప్పుడు పిడిని ఎటు తిప్పుతున్నాడో రాసుకోవాలి. అందరూ ఆ సమయానికి దుకాణదారుడి మాటల మీద నవ్వుతుంటారు, రాసేవాళ్లు మాత్రం పిడినే చూడాలి.

సేవ్‌లు

కంట్రోల్+ఎఫ్5 నొక్కితే స్కమ్‌వీఎం సొంత మెనూ వస్తుంది, అక్కడ సేవ్ చేయండి. సున్నా స్లాట్‌లో ఆటోసేవ్ పడుతుంది, దాన్ని వదిలేయండి. పాత సేవ్ మీద ఎప్పుడూ రాయకూడదు. పేరు ఇలా పెట్టండి: భాగం నంబరు, కూర్చోడి నంబరు, చోటు పేరు. ‘చివరిది’, ‘కొత్తది’ లాంటి పేర్లకు వారం తర్వాత అర్థం ఉండదు. కూర్చోడి చివర, పెద్ద సంభాషణకు ముందు, పైన చెప్పిన చిక్కుల ముందు సేవ్ ఉండాలి. ఎవరికైనా నచ్చిన జోకును మళ్లీ చూపించాలంటే ఇవే దారి.

ఆడే మనిషి మారేటప్పుడు సేవ్ ఫైలును పంపితే చాలు. విండోస్, మ్యాక్, లినక్స్ ఏదైనా సరే అదే ఫైలు తెరుచుకుంటుంది. ఫైలు పేరులో ముందు గేము ఐడీ, తర్వాత చుక్క, ఎస్ అక్షరం, స్లాట్ నంబరు ఉంటాయి. అందుకున్నవాళ్ల స్కమ్‌వీఎంలో గేము ఐడీ వేరేగా ఉంటే ఆ సేవ్ జాబితాలో కనపడనే కనపడదు. గేము ఆప్షన్లలో ఐడీ చూసి ఫైలు పేరును దానికి తగ్గట్టు మార్చండి. పాత స్కమ్‌వీఎంలో చేసిన సేవ్ కొత్తదాంట్లో తెరుచుకుంటుంది, కొత్తదాంట్లో చేసింది పాతదాంట్లో తెరుచుకోకపోవచ్చు. అందరూ ఒకే వెర్షన్‌కు మారితే ఈ తలనొప్పి ఉండదు.

ఎవరి కాపీ వాళ్లు ఆడితే

వేళలు కలవని జట్టు వారానికో గడువు పెట్టుకుని ఎవరికి వాళ్లు ఆడవచ్చు. గడువు తేదీతో పాటు ఆగాల్సిన చోటు కూడా చెప్పాలి: ‘ఓడ కొన్నాక ఆగండి’. డిస్కార్డ్‌లో మాటకు రెండు వైపులా రెండేసి నిలువు గీతలు పెడితే అది దాగి ఉంటుంది, నొక్కితేనే తెరుచుకుంటుంది. దాగిన మాటకు ముందు అది ఏ భాగం గురించో బయటే రాయాలి, లేకపోతే తెరవాలో వద్దో ఎవరికీ తెలియదు. ఈ పద్ధతిలో నవ్వు తగ్గుతుంది, పజిల్ మిగులుతుంది.

తర్వాత ఏది

జట్టు పెద్దదైతే 1992 నాటి ‘ఇండియానా జోన్స్ అండ్ ది ఫేట్ ఆఫ్ అట్లాంటిస్’ తీసుకోండి. కథ మధ్యలో బుద్ధి, బలం, జోడీ అని మూడు దారులుగా చీలి, అట్లాంటిస్‌లో మళ్లీ కలుస్తుంది. చీలే చోట ఒక సేవ్ చేసి మూడు బృందాలకూ పంచితే అట్లాంటిస్ గుమ్మం దగ్గర కలుసుకోవచ్చు. ఎవరి దగ్గరా గేము లేకపోతే ‘బినీత్ ఎ స్టీల్ స్కై’ 2003 నుంచి ఉచితం, స్కమ్‌వీఎం వాళ్ల దగ్గరే దొరుకుతుంది. అందులో గైబ్రష్‌కు ఉన్న రక్షణ లేదు, చావులుంటాయి.

సియెర్రా కంపెనీ గేముల జోలికి పోయేముందు సేవ్ క్రమశిక్షణ జట్టుకు ఒంటబట్టి ఉండాలి. 1990 నాటి ‘కింగ్స్ క్వెస్ట్ 5’లో పిల్లి తరుముతున్న ఎలుకను కాపాడే అవకాశం ఒక్కసారే వస్తుంది. ఆ క్షణంలో విసరడానికి చేతిలో ఏదీ లేకపోతే, చాలాసేపటి తర్వాత నేలమాళిగలో కట్టేసినప్పుడు తాళ్లు కొరికేవాళ్లు ఉండరు, ఆట అక్కడితో సరి. ఆకలేసినప్పుడు తినేసిన ‘పై’ అనే తినుబండారం కూడా అంతే, మంచుకొండల్లో యతి ఎదురైతే అది కావాలి. ఆ గేముకు ఒక్కో కూర్చోడికి పది సేవ్‌లైనా తక్కువే, ఒక్కటీ చెరపొద్దు.